జేబులో ఫ్యూజు

లాలాగూడ, సికింద్రాబాద్
మంగళవారం మధ్యాహ్నం

చిరంజీవి తమ్ముడు ఓంప్రకాశ్‌కు,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చింపాను. నాలుగోసారికి కాగితాలు అయిపోయాయి, ఆ వంకతో ఇంకో నాలుగు రోజులు నెట్టాను. నిన్న మీ వదిన కొట్టుకెళ్లి గీతల కాగితాల దస్తా తెచ్చి నా ముందు పడేసింది. "ఇగ ఏ బహానా లేదు, రాయి" అంది. కనుక అన్న దీవెనలు అందుకో. ఇక్కడందరం క్షేమమని రాయడం మన ఇంటి ఆనవాయితీ. క్షేమమే, నా మోకాళ్లను కుటుంబంలో కలపకపోతే. మీ వదినకు బీపీ ఉంది. అది నావల్ల వచ్చిందంటుంది గానీ మాత్రలు మాత్రం తనే మింగుతుంది. నువ్వూ దేవమ్మా మంచిర్యాలలో కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి సంతోషించాం.

ఫోన్ చేయకుండా ఈ రాతకోతలేమిటని దేవమ్మ అడిగిందట. కంపెనీలో ఆ మిషన్ల మోత మనిద్దరి చెవులనూ సగం సగం తినేసింది కదా. పోయిన నెల నేను నీతో ఫోన్లో మాట్లాడుతుంటే పక్క వాటా ఆయన పరుగెత్తుకొచ్చి, "ఏమైందన్నా, ఎవలతోని లొల్లి?" అన్నాడు. నేను నీ ఆరోగ్యం అడుగుతున్నాను. అదీగాక ఈసారి చెప్పాల్సింది అరిచి చెప్పే సంగతి కాదు.

నీ ఉత్తరం తలగడ కింద పెట్టుకుని ఎన్నిసార్లు చదివానో. ముప్పై ఏళ్లయినా నీ ఎడమచేతి అక్షరాలు కుదురుకోలేదు, ఒక్కొక్కటీ చలికి వణుకుతున్నట్టే ఉంటుంది. ఆ శిక్షణ కేంద్రం వాళ్లు నిన్ను పిలిచి, పిల్లలకు పనిముట్లు పట్టడం, మిషన్ దగ్గర ఎలా మసలుకోవాలో నేర్పమని అడగడం, చూసుకోమని ఒక లాప్‌టాప్ కూడా ఇంటికి పంపడం చదివి నాకు గర్వమనిపించింది. ఈ నెలాఖరులోగా ఔననో కాదనో చెప్పాలన్నావు. దాని కింద నువ్వు రాసిన మాటలే నన్ను ఇన్నాళ్లూ కూర్చోనివ్వలేదు. "అన్నా, నువ్వక్కడనే ఉన్నవు గద. ఆ దినం నేనేమన్ననో ఇంకొక్కసారి యాది చేసుకొని రాయి. సొంత వేళ్లు కాపాడుకోనోడు పిల్లలకేం నేర్పుతడు? నువ్వు రాసినదాన్ని బట్టే వాళ్లకు జవాబు చెప్త."

రాస్తాను. ముందు లాప్‌టాప్ సంగతి కానివ్వు. నువ్వే అడిగావు కదా, ఏ బొక్క దేనికని. దానికైతే నాకు జవాబు సులువుగా వస్తుంది.

నాకు ఈ విద్య నేర్పుతున్నది మేబెల్ టీచరమ్మ. మన వెనక వీధిలో, రైల్వే గార్డు భార్య, ఆయన పోయి చాలా ఏళ్లయింది. డెబ్భై దాటినా జుట్టుకు రంగేస్తుంది, చర్చిలో పాటల బృందాన్ని నడిపిస్తుంది, నన్ను ఇప్పటికీ 'మ్యాన్' అంటుంది. ఆమెకు రెజిమెంటల్ బజార్‌లో ఎవరో పాత లాప్‌టాప్ అంటగట్టారు. అది అరగంటకే పెనంలా వేడెక్కి ఆగిపోయేది. "మీరు ఫిట్టర్ కదా మ్యాన్, చూడండి ఏమైందో" అని తెచ్చిచ్చింది. నేను జీవితంలో కరెంటు మోటార్లు, పళ్లచక్రాలు తప్ప చూసినవాణ్ని కాదు. అయినా స్క్రూ కనబడితే చేయి ఊరుకోదు. ఆమె నాకు బయటి సంగతి నేర్పుతుంది, నేను లోపలి సంగతి చూస్తాను. అలా కుదిరింది బేరం.

నీ దగ్గరున్నది కూడా ఇంచుమించు ఇలాంటిదే అయివుంటుంది. మూత తెరవకముందు దాని నడుం చుట్టూ చూడు. గుండ్రంగా సన్నటి పిన్ను పట్టే బెజ్జం చార్జరుది. దాని పక్కన పళ్లెం ఆకారంలో, కింది రెండు మూలలూ కొంచెం చెక్కినట్టున్న వెడల్పాటి బెజ్జం ఉంటుంది చూడు, అది బొమ్మను బయటికి పంపేది. నువ్వు పిల్లలకు గోడమీద పటాలు చూపించాలంటే ప్రొజెక్టర్ వైరు అక్కడే పెట్టాలి, కాబట్టి దానితో స్నేహం చేసుకో. హెచ్‌డీఎమ్‌ఐ అంటారు. నేను పేరు గుర్తుపెట్టుకోవడానికి మూడు రోజులు తీసుకున్నాను, నువ్వు నాకంటే చురుకు, రెండు రోజులు చాలు. పొడుగు చదరంగా, లోపల నాలుకలాంటి రేకున్నవి యూఎస్‌బీవి. పెన్‌డ్రైవు, మౌసు, అన్నీ అందులోనే. ఒకవైపే పడుతుంది. విచిత్రమేమంటే మొదటిసారి ఎవరు పెట్టినా తిరగేసే పెడతారు. మేబెల్ కూడా అంతే, నేనూ అంతే. బలం చేయకు, తిప్పి పెట్టు. కొత్తవాటికి కోడిగుడ్డును నొక్కినట్టు చిన్న బెజ్జం ఒకటుంటుంది, అది ఎటు తిప్పి పెట్టినా పడుతుంది. ఎవడో మనలాంటి ముసలివాణ్ని చూసి జాలిపడి చేసినట్టున్నాడు.

టెలిఫోన్ వైరులా చిటుక్కుమని పట్టుకునేది ఇంటర్‌నెట్ వైరుకు. తీసేటప్పుడు దాని చెవి నొక్కి తీయాలి, లాగితే విరుగుతుంది. రేడియో చెవిగొట్టం బెజ్జం నీకు చెప్పక్కర్లేదు. ఇవిగాక ఒక మూల గోరంత చీలిక ఉంటుంది, లోపల రాగి లేదు, నాలుక లేదు, ఏమీ లేదు. దాని ముందు నేను రెండు రోజులు టార్చిలైటు పట్టుకుని కూర్చున్నాను. తెచ్చినవాడు పాడుచేశాడనుకున్నాను. చివరికి మేబెల్ పడీ పడీ నవ్వింది. అది గొలుసు తగిలించి బల్లకు కట్టేసే బెజ్జమట, ఎవరూ ఎత్తుకుపోకుండా. ఇన్ని తెలివైన బొక్కల మధ్య ఒకటి దొంగకోసం చేశారు.

అడుగున జల్లెడలా ఉన్న చీలికల్ని మాత్రం మూయొద్దు. గాలి అక్కడినుంచి లోపలికి పోయి పక్కనుంచి వేడిగా వస్తుంది. దేవమ్మ దసరాకు దానికి పసుపు, బొట్టు పెట్టిందని రాశావు. తప్పేం లేదు, మనం కంపెనీలో ఇనుము బిగించే బెంచీ వైసుకు పెట్టలేదా! కానీ మూత మీద పెట్టమను, బొక్కల్లో పడనీయొద్దు. పరుపు మీద, బొంత మీద పెట్టి నడపొద్దు. మేబెల్ దానికి జరిగింది అదే. మంచం మీద పెట్టుకుని పాటలు వినేది.

నేను విప్పిన రోజు చెప్తాను విను. పదకొండు స్క్రూలు. రెండు పొడుగువి, మిగతావి పొట్టివి. అట్టముక్క మీద లాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చాను. మనకు నేర్పిందదే కదా. విప్పడానికి ముందు గోడ ప్లగ్గు నుంచి చార్జరు తీసి, చుట్టి, నా చొక్కా జేబులో వేసుకున్నాను. మేబెల్ చూసి, "అదెందుకు మ్యాన్ జేబులో? నేనేం దొంగతనం చేయను" అంది.

"అది మా అలవాటు టీచరమ్మా. మిషన్ల చెయ్యి ఎవనిదో, ఫ్యూజు వాని జేబుల ఉండాలె. పక్కోడు దేవుడైనా ఇయ్యొద్దు" అన్నాను.

"గుడ్ రూల్" అంది ఆమె. నేను తల వంచుకుని స్క్రూలు తిప్పాను.

లోపల పెద్దగా ఏమీ లేదు తమ్ముడూ. ఒక గాలిపంకా, దానికి పరుపులో దూదంత మందాన దుమ్ము. ఆ దుమ్ము తీస్తేనే సగం జబ్బు పోయింది. నల్లటి పలకల్లా బ్యాటరీ. ముందు దాని ప్లగ్గు ఊడదీయాలి, చార్జరు తీసినంత మాత్రాన కరెంటు పోయినట్టు కాదు, ఇది గుర్తుంచుకో. వేలంత పచ్చరేకు ఒకటి పని చేసేటప్పుడు సామాను పరుచుకునే బల్లలాంటిది, ఆపగానే ఖాళీ. ఇంకో రేకు స్టోర్ రూము, అందులో పెట్టింది ఆపినా ఉంటుంది. మనుషుల్లో కూడా ఈ రెండోది ఉంటుందని నాకు ఈ మధ్యే బాగా తెలుస్తోంది.

మళ్లీ మూసి, స్క్రూలన్నీ బిగించి, నొక్కితే వెలిగింది. ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు. మీ వదిన ఆ రోజు బగారా అన్నం వండింది.

ఇక పెన్‌డ్రైవు రోజు. దానివల్లే ఈ ఉత్తరం మొదలైంది, దానివల్లే ఆగుతూ వచ్చింది.

మేబెల్ తన పాటల బృందం పాడినవన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించమంది. నేను పెట్టాను, ఎక్కించమన్నాను, తెర మీద ఒక పచ్చ గీత నెమ్మదిగా జరుగుతోంది. గీత చివరిదాకా వచ్చినట్టనిపించింది. చేయి చాచి లాగేశాను. మేబెల్ కుర్చీలోంచి లేచింది.

"అయ్యో, అలా లాగుతారా మ్యాన్! లోపల పని నడుస్తుంది కదా! లాగేముందు అడగాలి."

"ఎవల్ని అడగాలె?"

"దాన్నే." మళ్లీ పెట్టించి, పాటలు ఎక్కుతుండగానే తెర మూల చిన్న గుర్తు నొక్కి చూపించింది. 'ఇప్పుడు తీయడానికి వీల్లేదు, ఇది వాడకంలో ఉంది' అని వచ్చింది. "చూశారా? వెయిట్ చేయాలి. అది తీసుకోండి అని చెప్పాకే తీయాలి. మీకు కనబడకపోతే పని అయిపోయినట్టు కాదు."

నేను అక్కడే బల్ల అంచు పట్టుకున్నాను. నా ముఖం చూసి ఆమె గాబరా పడింది. "ఏంటి మ్యాన్, ఒక పెన్‌డ్రైవ్ కోసం ఇంత ఫీలవుతారా? పాటలే కదా. నిజం చెప్పాలంటే మావాళ్లు అంత బాగా కూడా పాడరు" అంది. నీళ్లు తెచ్చిచ్చింది. తాగి ఇంటికొచ్చాను. ఆ రాత్రి నీ ఉత్తరం బయటికి తీయలేదు.

ఓంప్రకాశ్, ఇప్పుడు రాస్తాను. అన్నం తిన్నాక చదువు.

ఆ రోజు నీ ఖాకీ చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. గుర్తుందా? రేకులు కోసే మిషన్లో పళ్లచక్రాల మధ్య ముక్క ఇరుక్కుంది. నువ్వు ఫ్యూజు పీకి, జేబులో వేసుకోబోయి, జారిపోతుందని నా చేతికిచ్చావు. "నీ దగ్గర పెట్టుకో అన్నా, అయినంక చెప్త" అన్నావు. పింగాణీ ఫ్యూజు, పై అంచు కొంచెం పెచ్చూడింది. నా జేబులో వేసుకున్నాను. తప్పు అక్కడే మొదలైంది, అది ఇద్దరిదీ. అన్నదమ్ములం కదా, నా జేబు అయితేనేం నీ జేబు అయితేనేం అనుకున్నాం.

ఫ్యూజు బోర్డు దగ్గర నేను, మిషన్ కింద నువ్వు, మధ్యలో రేకుల దొంతర. నువ్వు నాకు కనబడవు. ఫోర్‌మన్ రామ్మోహనరావు గారు వచ్చి, "ఏమయ్యా పర్వతాలూ, ఇంకెంతసేపయ్యా మీ తమ్ముడి శస్త్రచికిత్స? అవతల పని ఆగిపోయింది" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, తొందరుంది. అప్పుడే నీ ఎత్తు మనిషి, ఖాకీ చొక్కా, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ తలుపువైపు పోతున్నాడు. నేను వీపు చూశాను. నువ్వేననుకున్నాను. అతనెవరో ఈనాటికీ నాకు తెలియదు.

మూడుసార్లు పిలవాలి. 'ఏస్తున్నా' అని మూడుసార్లు అరిచి, లోపలివాడు 'ఏయ్' అని ఒప్పుకున్నాకే పెట్టాలి. కొత్తగా చేరినవాడికి మొదటి రోజు చెప్పే సంగతి. నీకు చెప్పింది నేనే.

నేను ఒక్కసారి కూడా పిలవలేదు. ఫ్యూజు పెట్టేశాను. స్టార్టరు ఆపకుండా వదిలేశాం కాబట్టి మిషన్ వెంటనే తిరిగింది. నీ కేక విన్నాను.

ఆ గోలలో ఫోర్‌మన్ గారు నా భుజాలు పట్టి ఊపుతూ, "పిలిచావా? వాడు పెట్టమన్నాడా?" అని అడిగారు. నా నోటివెంట "పెట్టమన్నడు సార్" అని వచ్చింది. ఉద్యోగం పోతుందని ఆలోచించి అన్నానా అంటే, ఆలోచించలేదు. అలా వచ్చేసింది. తర్వాత మాత్రం ఆలోచించాను. ఆలోచించి కూడా ఆ మాటనే కాగితం మీద రాయించి కింద సంతకం పెట్టాను. ఆ ఏడాదే నన్ను మేస్త్రీని చేశారు. నిన్ను స్టోర్లో కూర్చోబెట్టారు, రెండేళ్లకు నువ్వే మానేసి దేవమ్మ పుట్టింటి ఊరికి పోయావు.

ఆసుపత్రిలో మూడోరోజు నీకు పూర్తిగా తెలివొచ్చింది. కట్టుకట్టిన కుడిచేయి చూసుకోలేదు, నా ముఖమే చూశావు. "అన్నా, నేను ఏయ్ అన్ననా?" అని అడిగావు.

"అన్నవ్" అన్నాను.

అంతే. ఒక్క మాట. అప్పటికి ఫోర్‌మన్ లేడు, కాగితం లేదు, మనిద్దరమే ఉన్నాం. అక్కడైనా చెప్పి ఉండాల్సింది. నువ్వు తల ఊపి, "యాదికి లేదే" అన్నావు. నాకు అదే చాలనిపించింది.

దాని తర్వాత ఎన్నేళ్లు, ఎన్ని నవ్వులు. పండుగకు అందరం కూర్చుంటే, "మా మరిది నోరే ఆయన వేళ్లు తిన్నది" అని మీ వదిన అనేది, నువ్వే అందరికంటే ముందు నవ్వేవాడివి. నేనూ నవ్వేవాణ్ని. నువ్వు ఏ మాటన్నా "గట్లన్ననా నేను?" అని అడగడం షురూ చేసింది ఆ తర్వాతే. దేవమ్మ నీకు మాత్ర ఇచ్చి, "మింగినవా, మింగిన అంటున్నవా?" అని రెండుసార్లు అడగడం నా కళ్లతో చూశాను. నీ చేతివి రెండు వేళ్లే పోయాయనుకుంటూ వచ్చాను ఇంతకాలం. ఈసారి నీ ఉత్తరం చదివాక అలా అనుకోవడానికి వీల్లేకపోయింది.

కాబట్టి నువ్వడిగినదానికి జవాబు. నువ్వు ఏయ్ అనలేదు. పెట్టమనలేదు. నిన్నెవరూ పిలవనే లేదు. నువ్వు చేయాల్సిన పని చేస్తున్నావు, నేను పిలుస్తానని నమ్మి చేస్తున్నావు. నీకు యాదికి లేకపోవడం నీ మతిమరుపు కాదు, జరగనిది ఎవరికి యాదికుంటుంది?

శిక్షణ కేంద్రం వాళ్లకు ఔనని చెప్పమని నేను చెప్పను. నీకు సలహాలిచ్చే హక్కు నాకు మిగల్లేదు. కాదనాలనిపిస్తే అను. కానీ నా మాట నమ్మి కాదనొద్దు. ఔనంటే, పిల్లలకు మొదటిరోజే నీ కుడిచేయి చూపించు. ఎవరు చేశారని అడిగితే మా అన్న అని చెప్పు. పేరు కూడా చెప్పు, నాకేం కాదు. ఆ కంపెనీ మూతపడి అక్కడ అపార్టుమెంట్లు లేచాయి, రామ్మోహనరావు గారు పోయారు. దీన్ని దిద్దడానికి ఇక వేరే కాగితం లేదు, ఇదొక్కటే. జాగ్రత్తగా పెట్టుకో. దేవమ్మకు చదివి వినిపించు, సగం దాచి కాదు.

నాకు జవాబు రాయాలనిపించకపోతే రాయకు. లాప్‌టాప్‌లో ఏదైనా అర్థం కాకపోతే మేబెల్ టీచరమ్మకు రాయి, ఆమెకు తెలుగు చదవడం వచ్చు, చిరునామా వెనక రాశాను. పెన్‌డ్రైవు లాగేముందు అడగడం మాత్రం మరవొద్దు.

చేయి నొప్పెడుతోంది. అలసిపోయాను తమ్ముడూ. ఆపుతాను.

ఇట్లు,
నిన్ను పిలవకుండా ఫ్యూజు పెట్టిన
నీ అన్న
పర్వతాలు

కవరు అంటించబోతుంటే మీ వదిన, "ఏం రాసినవ్ ఇంతగనం?" అని తీసుకుని చదివింది. రెండోసారి కూడా చదివింది. కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టింది. నేను లేవబోతే, "నువ్వు పోకు, పోస్టు డబ్బాల నేనే ఏసొస్త" అంది. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి చేయి చాచింది. ఇచ్చేస్తున్నాను.